పందెంలో ఒడ్డింది ఎవర్ని?

"అమ్మాయీ, కథ చురుగ్గానే నడిపావు, కాదనను. కానీ ఇందులో స్త్రీ సమస్య ఏదీ?"

రెండేళ్ళ కిందట ఒక రచయిత్రుల కథా కార్యశాలలో, భోజనాలయ్యాక జరిగిన సమావేశంలో, ఒక పెద్దావిడ అడిగిన ప్రశ్న ఇది. నేను ఎంతో గౌరవించే మనిషి. ఆవిడ అడిగింది ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న ఒక అమ్మాయిని. ఆ అమ్మాయి చదివిన కథ అంతరిక్ష నౌకల రేసు గురించి. భూమి కక్ష్యలో బయల్దేరి, చంద్రుణ్ణి చుట్టి, తిరిగి రావాలి. రాకెట్ల మంటలూ మెరుపువేగాలూ ఏమీ లేవు. అయాన్ ఇంజన్లతో నడిచే చిన్న నౌకలు. మెల్లమెల్లగా కక్ష్యను పెంచుకుంటూ పోతాయి కాబట్టి ఒక్కో రేసుకి ఏడాది పైనే పడుతుంది. కథ నడిచేది నౌక నడిపే మనిషి చుట్టూ కాదు, కింద కూర్చుని ఇంధనం లెక్కలు చూసే ఒక స్త్రీ చుట్టూ. ఆవిడకి పేరు కూడా లేదు. 'లెక్కలావిడ' అంటారందరూ. ఎవరు గెలిచినా ఫోటోలో ఆవిడ ఉండదు.

ఆ ప్రశ్నకి ఆ అమ్మాయి తలొంచుకుంది. "ఇది మామూలు కథేనండీ... సరదాగా రాశాను" అంది. కార్యశాల కథల్ని సంకలనంగా తెద్దామని వేసిన ముగ్గురి కమిటీలో నేనూ ఉన్నాను. ఆ కథ సంకలనంలోకి రాలేదు. నేను గట్టిగా అడ్డుపడి ఉంటే వచ్చేదేమో. అడ్డుపడలేదు. తెలుగు స్త్రీల కథ మీద పీహెచ్‌డీ చేసిన దాన్ని, 'స్త్రీ సమస్య ఏదీ' అన్న ప్రశ్నకి జవాబు చెప్పడం నా వృత్తి. ఆ రోజు మాత్రం నోరు పెగల్లేదు. ఆలస్యంగానైనా ఆ జవాబు ఇప్పుడు చెప్తున్నాను. కాస్త కోపంగానే చెప్తాను, ఆ కోపంలో నా వాటా నాకుంది.

ముందు మన మాట దగ్గర మొదలుపెడతాను. ఇంగ్లీషులో రేసు వేరు, బెట్టింగు వేరు, బెట్టింగులో పెట్టే సొమ్ము వేరు. తెలుగులో మూడింటికీ ఒకటే మాట, పందెం. ఎడ్లపందెం అంటే పరుగు. పందెం కాశాడంటే జూదం. పందెం ఒడ్డాడంటే చేతిలో ఉన్నదేదో పణంగా పెట్టాడు. ఏది పెట్టాడు అన్నది మనకి చిన్నప్పట్నుంచీ తెలిసిన కథే. ధర్మరాజు ఓడిన కౌరవ సభలో ద్రౌపది అడిగింది నియమాల గురించిన ప్రశ్న. ముందు తనను తాను ఓడి ఆ తర్వాత నన్ను ఒడ్డాడా, నన్ను ఒడ్డాక తాను ఓడాడా అని. అంతమంది పెద్దలున్న సభ ఆ ప్రశ్నకి జవాబివ్వలేకపోయింది. 'ఇందులో స్త్రీ సమస్య ఏదీ' అని ఆ సభలో ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం లేకుండా ఆవిడే పందెంలో వస్తువై నిలబడింది కాబట్టి.

అంటే ఏ పందేన్నయినా చూసి మనం అడగాల్సింది ఎవరు గెలిచారని కాదు. ఇక్కడ ఒడ్డింది ఎవర్ని, ఆ నియమం ఎవరు రాశారు?

ఇప్పుడు ఈ ప్రశ్న పట్టుకుని 1999లో వచ్చిన 'స్టార్ వార్స్: ది ఫాంటమ్ మెనేస్' సినిమాకి వెళ్దాం. కల్పిత ప్రపంచంలో ఒక కొత్త పందేన్ని పుట్టించిన వాటిలో లోకమంతా ఎరిగిన ఉదాహరణ అదే. అందులో పాడ్‌రేస్ అని ఒక పోటీ ఉంది. రెండు పెద్ద ఇంజన్లు ముందు, వాటికి తీగలతో కట్టిన చిన్న తొట్టి వెనక, అందులో నడిపేవాడు. నేల మీద నుంచి కొంచెం ఎత్తులో దూసుకుపోతాయి. అది అచ్చంగా 'బెన్‌హర్' సినిమాలోని రథాల పందెమే, గుర్రాల బదులు ఇంజన్లు కట్టారంతే. పందెంలో పాల్గొనేది తొమ్మిదేళ్ళ బానిస పిల్లవాడు అనాకిన్. వాడి తల్లి ష్మీ కూడా బానిసే. ఇద్దరి యజమానీ ఒక్కడే, వాట్టో అనే పాతసామాన్ల వ్యాపారి. జెడై వీరుడు క్వైగాన్ ఆ వ్యాపారితో పందెం వేస్తాడు. పిల్లవాడు గెలిస్తే తల్లినీ కొడుకునీ ఇద్దర్నీ వదిలెయ్యమంటాడు. ఒక్క వాహనానికి ఇద్దరు బానిసలంటే గిట్టుబాటు కాదంటాడు వాట్టో. సరే, ఒక్కరే. ఎవరన్నది పాచిక తేలుస్తుంది. పాచిక పడుతున్నప్పుడు ఆ జెడై తన మంత్రశక్తితో దాన్ని పిల్లవాడి వైపు తిప్పుతాడు.

ఆ దృశ్యం నేను డిగ్రీలో ఉన్నప్పుడు హాస్టల్ హాల్లో, టీవీలో చూశాను. అందరం చప్పట్లు కొట్టాం. పదేళ్ళ తర్వాత మళ్ళీ చూసినప్పుడు గానీ నాకు తట్టలేదు. రేసు మొదలవకముందే తల్లి ఓడిపోయింది! ఓడిపోవడం కూడా కాదు, పందెంలోంచే తీసేశారు. కొడుకు గెలిస్తే కొడుక్కి విముక్తి. తల్లి గడపలో నిలబడి సాగనంపుతుంది. తర్వాతి సినిమా 2002లో వచ్చింది. కథలో పదేళ్ళు గడిచాయి. ఈ పదేళ్ళలో ఇంత శక్తిమంతులైన జెడైలలో ఒక్కరూ వెనక్కి వెళ్ళి ఆవిణ్ణి విడిపించలేదు. ఎవరో రైతు కొనుక్కుని, విడిపించి, పెళ్ళి చేసుకున్నాడు. చివరికి దోపిడీదార్లు ఎత్తుకుపోతే కొడుకు చేతుల్లో ప్రాణం వదిలింది. ఆవిడ చావు దేనికి పనికొచ్చిందీ అంటే, కొడుక్కి కోపం తెప్పించడానికి.

ఇది చదువుతుంటే మీకు గరుత్మంతుడు గుర్తొచ్చే ఉంటాడు. కద్రువ, వినత పందెం వేసుకున్నారు. ఉచ్చైశ్రవం తోక నలుపా, తెలుపా అని. కద్రువ తన కొడుకులైన పాముల్ని తోకకి చుట్టుకోమని మోసం చేసింది. వినత దాసి అయింది. కొడుకు గరుత్మంతుడు ఆకాశమార్గాన పోయి, దేవతలందరితో పోరాడి, అమృతం తెచ్చి తల్లికి దాస్యవిముక్తి చేశాడు. ఆ కథలో స్త్రీకి స్త్రీయే శత్రువన్న పాత పాట ఉంది, దాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. మన పురాణం గొప్పది, వాళ్ళ సినిమా తక్కువది అని జబ్బలు చరుచుకునే పని కూడా నాది కాదు. నేను చూపించేది ఒక్కటే. ఆకాశంలో పందెం కల్పించిన ప్రతివాడూ ఒక సమాజాన్ని కూడా కల్పిస్తున్నాడు. ఒక కల్పనలో పందెం బాకీ తీరాలంటే తల్లి విడుదల కావాలి. ఇంకో కల్పనలో తల్లి బాకీ ఖాతాలోనే లేదు. రెండూ ఎవరో కూర్చుని రాసిన నియమాలే.

"అబ్బే, అది పిల్లల సినిమా, అంత లోతు ఎందుకు" అంటారు కొందరు మగమిత్రులు. సరే, పెద్దల రచయిత దగ్గరికే వెళ్దాం. ఆర్థర్ సి. క్లార్క్ అంతరిక్షంలో తెరచాప పడవల పందెం మీద ఒక కథ రాశాడు. తర్వాత 'ది విండ్ ఫ్రమ్ ద సన్' అనే పేరుతో ప్రసిద్ధమైంది. నాకు చాలా ఇష్టమైన కథ, అబద్ధమెందుకు. సూర్యకాంతికి కూడా ఒత్తిడి ఉంటుంది. విశాలమైన పలుచని తెర పరిస్తే ఆ ఒత్తిడికి నౌక కదులుతుంది. తోపు చాలా స్వల్పం, కానీ ఆగకుండా తోస్తూనే ఉంటుంది. ఇదేమీ గాలిలో మేడ కాదు. జపాన్ వాళ్ళ ఇకారోస్ 2010లో ఇలాగే సూర్యకాంతి తోపుతో ప్రయాణించింది. క్లార్క్ కథలో అలాంటి నౌకలు చంద్రుడి దాకా పోటీ పడతాయి. శబ్దం లేదు, ఓపికా లెక్కా తప్ప.

ఆ కథ మొదట అచ్చయింది 1964 మార్చిలో, అమెరికా బాయ్ స్కౌట్ల పత్రిక 'బాయ్స్ లైఫ్'లో. పత్రిక పేరులోనే ఉంది ఎవరి బతుకో! దానికి సరిగ్గా తొమ్మిది నెలల ముందు, 1963 జూన్‌లో, వలెంతీనా తెరెష్కోవా ఒంటరిగా భూమిని 48 సార్లు చుట్టి వచ్చింది. ఊహ కాదు, జరిగిన విషయం. అంత దూరం చూడగలిగిన రచయిత కళ్ళకి ఈ తొమ్మిది నెలల కిందటి సంగతి ఆనలేదు. పందెంలో నావికులు మగవాళ్ళే. స్త్రీ లేదా అంటే ఉంది, నాయకుడి నౌక పేరు డయానా! వేటదేవత పేరు. చివర్లో సౌర తుఫాను వస్తుందని పోటీ ఆపేస్తే, ఆయన నౌకని వదిలేసి, తాను వేరే నౌక ఎక్కి, డయానాని అలా అనంతంలోకి పోనిస్తాడు. అందమైన ముగింపే. స్త్రీ పేరు పెట్టుకున్న వస్తువుకి స్వేచ్ఛ దొరికింది, స్త్రీకి టిక్కెట్టు దొరకలేదు.

ఇక్కడ కాస్త భౌతికశాస్త్రం మాట్లాడుకోవాలి. విసుగనుకోకండి, వాదనకి ప్రాణం ఇక్కడే ఉంది. సినిమాల్లో, వీడియో గేముల్లో అంతరిక్ష రేసులు ఎందుకు కారు రేసుల్లా ఉంటాయి? మలుపులో టైర్లు జారినట్టు నౌక జారుతుంది, పక్కవాణ్ణి ఒరుసుకుంటూ దాటేస్తుంది. నిజంగా అక్కడ గాలి లేదు, రాపిడి లేదు. వేగం పెంచడానికి ఎంత ఇంధనం కావాలో తగ్గడానికీ అంత ఖర్చు పెట్టాల్సిందే. ఇంకో విచిత్రం. కక్ష్యలో మీకంటే ముందున్న దాన్ని అందుకోవాలంటే దాని వైపు దూసుకెళ్ళకూడదు. దూసుకెళ్తే మీ కక్ష్య పైకి లేస్తుంది, పై కక్ష్యలో తిరగడానికి ఎక్కువసేపు పడుతుంది, ఇంకా వెనకపడతారు. అందుకోవాలంటే ముందు వేగం తగ్గించుకుని కిందికి దిగాలి. 1965 జూన్‌లో జెమినీ-4 వ్యోమగామి మెక్‌డివిట్, తమ రాకెట్ చివరి భాగాన్ని చేరుకోవాలని దాని వైపే ఇంజన్లు పేల్చి చూశాడు. అది దూరమవుతూనే పోయింది. ఇంధనం కరిగిపోవడంతో ప్రయత్నం మానుకోవాల్సి వచ్చింది. యుద్ధవిమానాలు నడిపిన చెయ్యి, అక్కడ ఆ నేర్పు ఎదురు తిరిగింది.

కాబట్టి నిజమైన అంతరిక్షపు పందెం కండల ఆట కాదు, లెక్కల ఆట. చుక్క చుక్కా ఆచితూచి వాడుకునే ఆట. (ఆడవాళ్ళకి గ్యాస్ బండ నెలాఖరుదాకా సర్దడం అలవాటే కాబట్టి ఇందులో రాణిస్తారు అని ఎవరైనా మెచ్చుకోబోతే దయచేసి ఆగండి. ఆ పొగడ్తతో పుట్టింట్లోనూ అత్తింట్లోనూ మనల్ని ముంచింది చాలు.) నేల మీద ఆటల్లో స్త్రీపురుషుల్ని విడదీయడానికి బలం, ఎత్తు, కండరం అని కారణాలు చెప్తారు. బరువే తెలియని చోట, మీట నొక్కే వేలికి ఆ కారణాలేవీ లేవు. అయినా కల్పించిన రేసులో స్త్రీ లేకపోతే ఆ తప్పు ప్రకృతిది కాదు, రచయితది. నా వాదన ఇంతే.

ఇందులో కల్పన పాలు తక్కువ, చరిత్ర పాలు ఎక్కువ. ఆకాశంలో పందేలు నిజంగా జరిగాయి. 1929 ఆగస్టులో అమెరికాలో మొదటి మహిళల విమాన పందెం, శాంటామోనికా నుంచి క్లీవ్‌లాండ్ దాకా. ఇరవై మంది దాకా బయల్దేరారు. పత్రికలు దానికి 'పౌడర్ పఫ్ డెర్బీ' అని ముద్దుపేరు పెట్టాయి. ముఖానికి పౌడరద్దుకునే వాళ్ళ పరుగట! రెండో రోజు మార్వెల్ క్రాసన్ అరిజోనాలో కూలి చనిపోయింది. వెంటనే పందెం ఆపెయ్యాలని గోల మొదలైంది. మిగిలిన వాళ్ళు ఆపలేదు. లూయీ థేడెన్ గెలిచింది, అమీలియా ఇయర్‌హార్ట్ మూడో స్థానం. 1933లో చికాగో పందెంలో ఫ్లోరెన్స్ క్లింగెన్‌స్మిత్ విమానం రెక్క బట్ట చిరిగి కూలిపోయింది. ఆ మరుసటి ఏడు ప్రసిద్ధమైన బెండిక్స్ పందెంలో స్త్రీలకు ప్రవేశం లేదన్నారు. మగ పైలట్లు ఆ రోజుల్లో ఎంతమంది పోయారో! మగవాడు చస్తే సాహసం, వీరమరణం. స్త్రీ చస్తే స్త్రీజాతి అనర్హతకి రుజువు. నిషేధం తొలగాక, 1936లో అదే బెండిక్స్‌లో, మగవాళ్ళతో కలిసి పోటీ పడి గెలిచింది ఎవరు? లూయీ థేడెన్, ఆమె సహచరి బ్లాంచ్ నోయిస్. పాపం ఆడవాళ్ళు వెనకపడతారు కదా అని, ముందుగా చేరిన స్త్రీకి విడిగా ఒక బహుమతి పెట్టి ఉంచారు. అదీ వాళ్ళే తీసుకున్నారు.

1938లో బెండిక్స్ గెలిచినావిడ జాక్వెలిన్ కాక్రన్. ఆవిడ దగ్గర కొంచెం ఆగాలి. 1960, 61లలో డాక్టర్ లవ్‌లేస్ అనే వైద్యుడు స్త్రీ పైలట్లకి వ్యోమగాముల వైద్యపరీక్షలు చేశాడు. స్త్రీలు తేలిక, చిన్న శరీరాలు, తక్కువ ప్రాణవాయువు చాలు, కాబట్టి నౌకకి లాభమని ఆయన లెక్క. పదమూడు మంది నెగ్గారు. ఆ పరీక్షల ఖర్చులకి డబ్బు సర్దింది కాక్రన్ దంపతులే. కానీ 1962 జులైలో, స్త్రీలని వ్యోమగాములుగా తీసుకోవాలా అని అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం విచారణ జరిపినప్పుడు, తొందరపడనక్కర్లేదని సాక్ష్యం చెప్పిందీ కాక్రనే. నాసా షరతు ఏమిటంటే జెట్ విమానాల టెస్ట్ పైలటై ఉండాలి. ఆ ఉద్యోగంలోకి స్త్రీలను సైన్యం తీసుకోదు. తలుపుకి తాళం వేసి, లోపలికొచ్చిన వాళ్ళే అర్హులనడం! తాను గెలిచిన పందెంలోకి తర్వాతి వాళ్ళని రానివ్వని కాక్రన్‌ని తలుచుకుంటే నాకు కోపం రాదు, భయం వేస్తుంది. ఆ కార్యశాలలో కమిటీ కుర్చీలో కూర్చున్నది నేనే కదా.

ఆ పదమూడు మందిలో చిన్నది వాలీ ఫంక్. ఆమె చివరికి అంతరిక్షం అంచుకి వెళ్ళింది, 2021 జులై 20న, 82 ఏళ్ళ వయసులో, జెఫ్ బెజోస్ పక్క సీట్లో. దానికి తొమ్మిది రోజుల ముందు, జులై 11న, రిచర్డ్ బ్రాన్సన్ తన నౌకలో వెళ్ళాడు. బెజోస్ తేదీ ప్రకటించాక, దానికంటే ముందు పడేలా బ్రాన్సన్ తన తేదీ ప్రకటించాడు. రేసు కాదని పైకి అన్నా లోకమంతా దాన్ని రేసుగానే చూసింది. అంతరిక్ష నౌకల పందెం కల్పన అని ఎవరన్నారు? ఇద్దరు కుబేరుల మధ్య మన కళ్ళముందే జరిగింది. బ్రాన్సన్ నౌకలో గుంటూరు మూలాలున్న శిరీష బండ్ల ఉంది. మొక్కల మీద ఒక ప్రయోగం చేసి వచ్చింది. దిగాక బ్రాన్సన్ సంబరంగా ఆమెను భుజాల మీద ఎత్తుకున్న ఫోటోని మన వాళ్ళు ఎంతో గర్వంగా చూసుకున్నారు. ఆమె కృషిని చిన్నబుచ్చను. కానీ ఆ బొమ్మని ఒకసారి తీరిగ్గా చూడండి. గెలిచిన యజమాని భుజాల మీద ఉంటే అది మన గెలుపు ఎంత, ఆయన ట్రోఫీ ఎంత?

ఇక మన దగ్గరికి వద్దాం. అసలు పోట్లాట ఇంట్లోనే.

'వంటిల్లు సాహిత్య వస్తువా?' అని ఒకప్పుడు మనల్ని అడిగారు. పురిటి నొప్పి కవిత్వమా, నెలసరి కవిత్వమా అన్నారు. 'నీలిమేఘాలు' సంకలనం వచ్చిన 1993 నాటికే ఆ పోరు పతాకస్థాయిలో ఉంది. గెలిచాం. వంటింటిని సాహిత్యంలోకి తెచ్చాం. కానీ గెలిచిన వంటింట్లోనే ఉండిపోయామా అని నా అనుమానం. ఈనాడు ఒక అమ్మాయి అయాన్ ఇంజన్ల గురించి రాస్తే 'ఇది స్త్రీ అనుభవమా?' అని అడుగుతున్నాం. ప్రశ్న మారిందేమో గానీ అడిగే కుర్చీ మారలేదు. స్త్రీ అనుభవం అంటే బాధ మాత్రమేనని మనమే ఒక నియమం రాసుకున్నాం. 1982లో స్వెత్లానా సవిత్స్కాయా సల్యూట్-7 కేంద్రంలో అడుగుపెట్టగానే అక్కడున్న వ్యోమగామి సరదాకి ఆమెకో ఏప్రన్ ఇచ్చాడని చదివినప్పుడు మనకి ఒళ్ళు మండుతుంది. అలాంటిది మనమే మన పిల్లలకి సాహిత్యంలో ఏప్రన్ అందిస్తే?

మన పరంపరలో ఇది లేదనుకుంటే అదీ పొరపాటు. రొఖేయా 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో అచ్చయింది మద్రాసులో, ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో. అందులో స్త్రీలు గాలిలో ఎగిరే బండిలో రాణిగారిని చూడబోతారు. పరదాలో ఉన్న ముస్లిం స్త్రీకి 1905లో ఎగిరే యంత్రం కావాల్సి వచ్చింది. మనకి ఇప్పుడు అక్కర్లేకపోయిందా?

మనం వదిలేసిన స్థలం ఖాళీగా ఉండదు, ఎవరో ఒకరు ఆక్రమిస్తారు. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' చూడండి. కోట్లు పోసి తెలుగువాళ్ళు కల్పించిన భవిష్యత్తు. అందులో దూసుకుపోయే బండి పేరు బుజ్జి. దానికి గొంతు ఆడగొంతు, కీర్తి సురేశ్‌ది. నడిపేది ప్రభాస్. దీపికా పదుకోణ్ ఎక్కడుంది? ప్రయోగశాలలో, పేరు బదులు అంకెతో, గర్భంగా. ఎనిమిది వందల డెబ్భై ఏళ్ళు ముందుకెళ్ళి మనవాళ్ళు స్త్రీకి ఇచ్చినవి రెండు ఉద్యోగాలు. ఒకటి చెప్పినమాట వినే బండి, రెండోది మోసే కడుపు. సినిమా ఆ ప్రయోగశాలని దుర్మార్గంగానే చూపించింది, నిజమే. కానీ బండెక్కి తిరిగే సరదా ఎవరికి పంచిపెట్టింది?

దీనికి మందు ఒక అమ్మాయిని పైలట్ సీట్లో కూర్చోబెట్టడమేనా? అది సులువైన పని, ఇప్పుడు హాలీవుడ్ కూడా చేస్తోంది. సీటులో కూర్చున్న మనిషి మారితే చాలదు, నియమావళి మారాలి. ఒక నిజమైన ఉదాహరణ చెప్తాను. వ్యోమగాములకి జీవితకాలంలో ఇంత రేడియేషన్ మించకూడదని నాసాకి ఒక హద్దు ఉంది. చాలాకాలం ఆ హద్దు స్త్రీలకు తక్కువ, పురుషులకు ఎక్కువ. స్త్రీలకి క్యాన్సర్ ముప్పు ఎక్కువని కారణం. ఫలితంగా ఒకే వయసు, ఒకే నైపుణ్యం ఉన్నా స్త్రీకి రోదసిలో గడిపే రోజులు తక్కువ. 2022లో దాన్ని మార్చి అందరికీ ఒకటే హద్దు పెట్టారు, 600 మిల్లీసీవర్టులు. ఆ అంకె ఎలా వచ్చింది? 35 ఏళ్ళ స్త్రీకి ఉండే ముప్పును లెక్కగట్టి. నా ఈడు ఆడమనిషి శరీరం కొలబద్ద అయింది! అప్పటిదాకా మగ శరీరం ప్రమాణం, ఆడ శరీరం మినహాయింపు. ఒక్క వాక్యం తిరగరాశారు, మొత్తం ఆట మారింది. ఇది ఎవరో ఉపన్యాసంతో సాధించింది కాదు, నియమాలు రాసే బల్ల దగ్గర జరిగింది. కల్పనలో రేసుని పుట్టించే రచయిత్రి కూర్చునేది అచ్చంగా ఆ బల్ల దగ్గరే. ఎవరిని తూచాలి, ఎవరి ఒంటి కొలతకి సీటు కుట్టాలి, ఇంధనం పోసే కూలీకి వాటా ఉందా, ఓడిన వాళ్ళు ఏం కోల్పోతారు, ఎవరిని ఒడ్డడానికి వీల్లేదు? ఇవన్నీ ఆవిడ తేల్చాలి. ద్రౌపది సభలో అడిగిన తరహా ప్రశ్నలివి. ఇంతకంటే స్త్రీ సమస్య ఏం కావాలి మనకి?

ఆ అమ్మాయి కథలో నిజానికి ఇవన్నీ ఉన్నాయి. లెక్కలావిడ జీతం రేసు గెలిస్తేనే వస్తుంది, ఓడితే లేదు. ఆ వాక్యం నేను ఆ రోజు విన్నాను. విని కూడా ఊరుకున్నాను.

ఈ వ్యాసం మొదలుపెట్టాక పోయిన నెల ఆమెకి ఫోన్ చేశాను. బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. ఆ కథ ఏం చేశావని అడిగాను.

"మార్చేశాను మేడమ్. రేసు తీసేసి కట్నం పెట్టాను. లెక్కలావిడని బ్యాంకులో క్లర్కు చేశాను. అచ్చయింది కూడా" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. పాతది ఉందా అన్నాను. పెన్‌డ్రైవ్‌లో ఉందట. కానీ దాన్ని పెంచి నవలిక చెయ్యాలనుకుని, ఒక రూలు తేలక వదిలేసిందట. ఆమె రేసులో అన్ని నౌకలూ మనుషులతో సహా ఒకే బరువుతో బయల్దేరాలి, తేలిగ్గా ఉన్న వాళ్ళకి ఇసుక బస్తాలు వేస్తారు. ఏడాది పైగా సాగే ప్రయాణం. మధ్యలో ఒక పైలట్‌కి గర్భమని తెలుస్తుంది.

"నౌక బరువు మారదు కదా మేడమ్? బయటికేమీ పారబొయ్యట్లేదు. ఉన్న తిండే తింటోంది, అదే ఒంటికి పడుతోంది. మొత్తం అంతే ఉంటుంది. అయినా కమిటీ వాళ్ళు ఆమెని మళ్ళీ తూచాల్సిందేనంటారు. అప్పుడు లెక్కలావిడ ఏమనాలి?"

నాకు వెంటనే తోచలేదు. రెండు కథలూ పంపమన్నాను.